బైపీసీ నుంచి బీ ఫార్మసీకి వచ్చాక బీజగణితాన్ని ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. లెక్కలంటే భయపడి ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నాను. ఈ ఏడాది బీ ఫార్మసీలో చేరితే మొదటి సెమిస్టర్‌లోనే రెమిడియల్ మ్యాథ్స్ ఎదురైంది. సార్ బోర్డు మీద పాక్షిక భిన్నాలు, సంవర్గమానాలు (లాగ్‌లు) చేస్తుంటే అర్థమైనట్టే ఉంటుంది. హాస్టల్‌కు వచ్చి నేనే చేయబోతే రెండో వరుసలో ఆగిపోతున్నాను. మొదటి పరీక్షలో 10కి 2 వచ్చాయి. ఫార్మాస్యూటిక్స్‌లో మోతాదు లెక్కలకూ, వేర్వేరు గాఢతల ద్రావణాలు కలిపే లెక్క అయిన అలిగేషన్‌కూ మాత్రం 10కి 9 వచ్చాయి. ఇంటర్ ఎంపీసీ పుస్తకాలు మొదటి నుంచి చదవాలా? లేక ఈ కోర్సు నాకు సరిపడదని మానేయాలా?

సమాధానం:

అమ్మా, ముందుగా మీ రెండు సందేహాలకూ సూటిగా జవాబు చెబుతాను. ఎంపీసీ పుస్తకాలు మొదటి నుంచి చదవనక్కర్లేదు. కోర్సు మానేయాల్సిన అవసరం అసలే లేదు. మీకు కావలసింది ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల బీజగణితం. అది కూడా మొత్తం కాదు, అందులో అయిదారు పనులు చేతికి అలవాటు కావాలి, అంతే. ఫార్మసీ కాలేజీలో ఈ పేపరు పదహారేళ్లుగా చెబుతున్నాను. ఏటా మీలాంటి వాళ్లు పది మందైనా స్టాఫ్ రూమ్ దాకా వచ్చి ఇదే మాట అడుగుతారు. వాళ్ల జవాబు పత్రాలు పక్కన పెట్టుకుని ఒక్కో వరుసా చూస్తే, తప్పు పాక్షిక భిన్నాల్లో ఉండదు. బ్రాకెట్ ముందున్న మైనస్ దగ్గరో, హారం కొట్టివేసిన చోటో ఉంటుంది.

ఈ పేపరు ఎందుకు పెట్టారో తెలిస్తే దాని మీద కోపం కొంత తగ్గుతుంది. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పాఠ్యప్రణాళికలో బైపీసీ నుంచి వచ్చినవారికి గణితం, ఎంపీసీ నుంచి వచ్చినవారికి జీవశాస్త్రం మొదటి సెమిస్టర్‌లో ఉన్నాయి. మీరు ఇక్కడ లెక్కలతో కుస్తీ పడుతున్న గంటలోనే పక్క గదిలో ఎంపీసీ పిల్లలు కణాలూ కణజాలాలూ నేర్చుకుంటూ ఉంటారు. గణితానికి ఇచ్చింది 30 గంటలు. ఆ 30 గంటల్లో పాక్షిక భిన్నాలు, సంవర్గమానాలతో మొదలుపెట్టి మాత్రికలు, అవకలనం, సమాకలనం, అవకల సమీకరణాలు దాటి, వాటిని మామూలు బీజగణితంగా మార్చి సాధించే లాప్లాస్ పరివర్తన దాకా వెళ్లాలి. ఇన్ని అంశాలున్న చోట అధ్యాపకుడు ఎనిమిదో తరగతి బీజగణితం మీకు వచ్చనే అనుకుని ముందుకు పోతాడు. నేనూ మొదటి రెండేళ్లు అలాగే చేశాను. మొదటి రోజే పాక్షిక భిన్నాలు మొదలుపెట్టి సిలబస్ పూర్తి చేశాను, సగం తరగతి తప్పింది. ఆ పత్రాలన్నీ ఒక సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో కూర్చుని మళ్లీ చదివాకే అసలు లోటు ఎక్కడుందో నాకు కనబడింది. అప్పటి నుంచి మొదటి అయిదారు గంటలు పాత బీజగణితానికే ఇస్తున్నాను. మీ కాలేజీలో ఆ వెసులుబాటు లేకపోతే ఆ గంటలు మీకు మీరే ఇచ్చుకోవాలి.

ఇక్కడ తెలియని రాశిని ‘య’ అని రాస్తున్నాను. మీరు నోటు పుస్తకంలో ఎక్స్ అనే రాసుకోండి. ‘య’ అనడంలో వింతేమీ లేదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో మొదటి అవ్యక్త రాశిని యావత్తావత్ అన్నాడు, అంటే ‘ఎంతైతే అంత’. దాన్ని కుదించి ‘యా’ అని రాశారు. రెండోది, మూడోది కావలసి వస్తే కాలక, నీలక, పీతక అంటూ రంగుల పేర్లు పెట్టుకున్నారు. ‘ఎంతైతే అంత’ అన్న ఆ మాట నాకు చాలా ఇష్టం. తెలియని రాశి అంటే భయపెట్టే గుర్తు కాదు, ఇంకా కొలవని ఒక పరిమాణం. ఎంతో తెలియకపోయినా దానితో కూడికా తీసివేతా చేయవచ్చు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని ఈ అయిదూ చేయండి. సమయం చూసుకోవద్దు, ఒక్క వరుస కూడా మనసులో చేయవద్దు.

7 − (య − 3) = 4 అయితే య ఎంత?
(య + 6)/6 లో 6ను కొట్టివేయవచ్చా?
1/య = 1/4 + 1/12 అయితే య ఎంత?
(య + 3)² ను విస్తరించండి.
5య = 20 అయితే య ఎంత, ఎందుకు?

మొదటిదానికి జవాబు 6. మీకు 0 వచ్చిందంటే బ్రాకెట్ బయటి మైనస్ లోపలి రెండో పదాన్ని తాకలేదన్న మాట. 7 − య + 3 అని రాయాల్సిన చోట 7 − య − 3 అని రాశారు. రెండోదానికి జవాబు ‘కుదరదు’. మూడోదానికి 3. మీకు 16 వచ్చి ఉంటే హారాలు కూడేశారు. నాలుగోది య² + 6య + 9. 6య లేకుండా రాసేవాళ్లు ప్రతి తరగతిలో మూడో వంతు ఉంటారు. అయిదోది మరీ తేలిక కదా, ఎందుకు అడిగానని మీరు అనుకోవచ్చు. దాని గురించే ఎక్కువ చెప్పాలి.

మూడేళ్ల క్రితం ఒక అబ్బాయిని బోర్డు దగ్గరకు పిలిచాను. చురుకైనవాడు, వృక్షశాస్త్రంలో ముందుండేవాడు. లెక్క చక్కగా నడిపించుకుంటూ వచ్చి 5య = 20 దగ్గరకు చేరాడు. తర్వాతి వరుసలో య = 20/(−5) అని రాశాడు. ‘మైనస్ ఎక్కడిది?’ అని అడిగితే ఏ సందేహమూ లేకుండా ‘అవతలికి వెళ్తే గుర్తు మారుతుంది కదా సార్’ అన్నాడు. తరగతిలో ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే చాలామందికి ఆ జవాబు సరైనదిగానే తోచింది.

అతని తప్పు కాదది. ‘ప్లస్ అవతలికి వెళ్తే మైనస్, మైనస్ అవతలికి వెళ్తే ప్లస్, గుణకారం వెళ్తే భాగహారం’ అని మన బడుల్లో పాటలా నేర్పుతాం. దాన్ని పక్షాంతరం అంటాం. ఆ పాట తొందరలో పనికొస్తుంది, కానీ అసలు జరిగేదేమిటో దాచేస్తుంది. ఏ అంకే గోడ దూకి అవతలికి వెళ్లదు. 5య = 20 అంటే రెండు వైపులా సమానమైన బరువు ఉందని అర్థం. రెండు వైపులనూ 5తో భాగిస్తే య = 4 మిగులుతుంది. ఇందులో గుర్తు మారే ప్రసక్తే లేదు. య + 5 = 20 అయితే రెండు వైపుల నుంచీ 5 తీసేస్తాం, 15 మిగులుతుంది. ‘అవతలికి వెళ్లి మైనస్ అయింది’ అన్నది మనం తీసేసిన 5 వల్ల కలిగిన భ్రమ.

మీ ప్రయోగశాలలో రెండు పళ్లేల త్రాసు ఉంటుంది. చూర్ణం తూచేటప్పుడు ముల్లు మధ్యలో నిలిచాక ఒక పళ్లెంలో ఏది చేసినా రెండో దానిలోనూ అదే చేయాలి, లేదంటే ముల్లు ఒరిగిపోతుంది. మొదటి రెండు వారాలు మీ నోటు పుస్తకంలో ‘అవతలికి’ అన్న మాట వాడవద్దు. ప్రతి వరుస పక్కనా రెండు వైపులా ఏమి చేశారో రాయండి: ‘రెండు వైపులా 6 కలిపాను’, ‘రెండు వైపులా 2తో భాగించాను’. ఉదాహరణకు 3(య − 2) = య + 8 తీసుకోండి. బ్రాకెట్ విప్పితే 3య − 6 = య + 8. రెండు వైపులా 6 కలిపితే 3య = య + 14. రెండు వైపులా య తీసేస్తే 2య = 14. రెండు వైపులా 2తో భాగిస్తే య = 7. ఇక్కడితో ఆగవద్దు. 7ను మొదటి వరుసలో పెట్టి చూడండి: ఎడమ వైపు 3 × 5 = 15, కుడి వైపు 7 + 8 = 15. జవాబు సరైనదో కాదో పుస్తకం వెనక పేజీలు చూడాల్సిన పనే లేదు. లెక్కలంటే భయపడే పిల్లలు ప్రతి జవాబుకూ అధ్యాపకుడి మొహం వైపు చూస్తారు. సరిచూసుకోవడం అలవాటైన రోజు నుంచి ఆ చూపు మారడం నేను చాలాసార్లు చూశాను.

రెండో జబ్బు కొట్టివేత. పైనా కిందా ఒకే అక్షరం కనిపిస్తే చాలు, పెన్ను దానంతట అదే గీత గీసేస్తుంది. మీరు తెలుగు మాధ్యమంలో చదివారు కనుక మీకు రెండు మాటలు తెలిసే ఉంటాయి: పదం, కారణాంకం. కూడికతోనో తీసివేతతోనో అతుక్కుని ఉన్నది పదం. గుణకారంతో అతుక్కుని ఉన్నది కారణాంకం. కారణాంకాన్ని కొట్టివేయవచ్చు, పదాన్ని కొట్టివేయకూడదు. ఈ ఒక్క తేడా మనసులో నిలిస్తే ఈ పేపరులో పోయే మార్కుల్లో పెద్ద భాగం మిగులుతుంది. (య² − 9)/(య − 3) లో పైనున్న 9ను కింది 3తో కొట్టివేయడం నేరం. కానీ య² − 9 ను (య − 3)(య + 3) గా విడదీశాక (య − 3) కారణాంకం అవుతుంది, అప్పుడు దాన్ని కొట్టివేస్తే య + 3 మిగులుతుంది. య విలువ 3 కాకూడదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. అవధుల (లిమిట్స్) పాఠం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడి నుంచే.

పిల్లల మోతాదుకు యంగ్ సూత్రం మీరు చదివే ఉంటారు: వయసును, వయసుకు 12 కలిపితే వచ్చిన మొత్తంతో భాగించి, పెద్దల మోతాదుతో గుణించాలి. పెద్దల మోతాదు 500 మి.గ్రా. అయితే నాలుగేళ్ల పిల్లకు 4/16, అంటే 125 మి.గ్రా. ఇప్పుడు దీన్ని య/(య + 12) అని రాయండి. ఇక్కడ పైనా కిందా ఉన్న య లను కొట్టివేస్తే 1/12 మిగులుతుంది. అంటే రెండేళ్ల పాపకూ పదేళ్ల పిల్లకూ ఒకే మోతాదు! మందుల దుకాణంలో నిలబడి ఆ మాట అనగలరా? (ఇప్పుడు పిల్లలకు మోతాదు ఎక్కువగా బరువును బట్టి నిర్ణయిస్తారు. ఈ సూత్రం మీకు లెక్క నేర్పడానికే ఉపయోగం.) అదే సూత్రంతో వెనక్కి ప్రశ్న వేసుకోండి: ఏ వయసులో మోతాదు పెద్దల మోతాదులో సగం అవుతుంది? య/(య + 12) = 1/2. రెండు వైపులా 2(య + 12)తో గుణిస్తే 2య = య + 12, కనుక య = 12. ఇదే ఏకచరరాశిలో రేఖీయ సమీకరణం, ఎనిమిదో తరగతి పాఠం.

అనుమానం వచ్చిన ప్రతిచోటా వాడగలిగే పరికరం ఒకటి చెబుతాను. రెండు బీజీయ సమాసాలు (అక్షరాలూ అంకెలూ కలిపి రాసినవి) సమానమో కాదో తెలియకపోతే య స్థానంలో ఒక సంఖ్య పెట్టి రెండింటి విలువా కట్టండి. (య + 6)/6 లో 6ను కొట్టివేస్తే య మిగులుతుందని మీకు అనిపించింది అనుకుందాం. య = 5 పెట్టండి. అసలుది 11/6, మీది 5. తప్పని తేలిపోయింది. ఒక జాగ్రత్త: 0, 1, 2 పెట్టవద్దు. (య + 3)² ను య² + 9 అని రాసి, 0 పెట్టి చూస్తే రెండూ 9 అవుతాయి, తప్పు దొరకదు. 2తోనూ ఇలాంటి మోసం ఉంది: రెండు రెళ్లు నాలుగే, రెండూ రెండూ కూడినా నాలుగే, రెండు వర్గం కూడా నాలుగే. 3 గానీ 5 గానీ పెట్టండి. రెండు విలువలు కలవకపోతే కచ్చితంగా తప్పు. కలిస్తే చాలావరకు సరైనదే, కానీ రుజువు మాత్రం కాదు.

ఇక మిమ్మల్ని ఆపేసిన పాక్షిక భిన్నాలు. ముందు అక్షరాలు లేకుండా ఆలోచించండి. 1/2 + 1/3 ఎంత? 5/6. ఇప్పుడు తిరగేసి, 5/6 ఇచ్చి, ‘ఇది హారం 2గా ఉన్న భిన్నం, హారం 3గా ఉన్న భిన్నం కలిస్తే వచ్చింది, వాటిని విడదీయండి’ అంటే అదే పాక్షిక భిన్నాల లెక్క. క.సా.గు. పెట్టి కూడటం రానివాళ్లకు విడదీయడం రాదు. అందుకే ముందు కూడిక అలవాటు చేసుకోవాలి.

(5య + 1)/((య − 1)(య + 2)) ను తీసుకుందాం. ఇది క/(య − 1) + గ/(య + 2) నుంచి వచ్చిందని అనుకుంటాం. క, గ ఎంతో తెలియదు. రెండు వైపులా (య − 1)(య + 2)తో గుణిస్తే 5య + 1 = క(య + 2) + గ(య − 1). తరగతిలో మీ సార్ ఇక్కడ ‘య = 1 పెట్టండి’ అని ఉంటారు. మీరు ‘1 ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అక్కడే ఆగిపోయి ఉంటారు. చాలామంది ఆగేది అక్కడే, కానీ పైకి అడగరు. ఈ వరుస సమీకరణం కాదు, సర్వసమీకరణం. అంటే య కు ఏ విలువ ఇచ్చినా నిజం కావాలి. ఏ విలువైనా ఇవ్వవచ్చు కనుక మన పని తేలిక చేసే విలువ ఇస్తాం. 1 ఇస్తే (య − 1) సున్నా అయి గ మాయమవుతుంది: 6 = 3క, కనుక క = 2. −2 ఇస్తే (య + 2) సున్నా అయి క మాయమవుతుంది: −9 = −3గ, కనుక గ = 3. జవాబు 2/(య − 1) + 3/(య + 2).

ఇప్పుడు పైన చెప్పిన పరికరం వాడండి. య = 3 పెడితే అసలు భిన్నం 16/(2 × 5) = 1.6. మన జవాబు 2/2 + 3/5 = 1.6. కలిసింది. ఈ లెక్కలో పరీక్షల్లో తప్పు దొర్లే చోటు ఒకటే: −2 పెట్టినప్పుడు 5 × (−2) + 1 ను 11 అనో −11 అనో రాస్తారు. రుణ సంఖ్యను ప్రతిక్షేపించేటప్పుడు దాన్ని ఎప్పుడూ బ్రాకెట్‌లో పెట్టండి. నా విద్యార్థులకు ఇది ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు, ఇంకా చెబుతూనే ఉంటాను.

ఇదంతా దేనికి అనిపిస్తే, మూడో సంవత్సరంలో ఫార్మకోకైనటిక్స్, అంటే ఒంట్లో మందు రాకపోకల లెక్క, వస్తుంది. మందు కడుపులోంచి రక్తంలోకి చేరుతూ ఉంటుంది, అదే సమయంలో రక్తంలోంచి బయటకు పోతూ ఉంటుంది. ఆ రెండు వేగాలనూ ఒకే సమీకరణంలో పెట్టి లాప్లాస్ పరివర్తనతో సాధిస్తే చివరికి మిగిలేది ఇలాంటి భిన్నమే. దాన్ని విడదీస్తేనే రక్తంలో మందు ఎప్పుడు పెరుగుతుందో ఎప్పుడు తగ్గుతుందో చెప్పే సూత్రం చేతికి వస్తుంది.

సంవర్గమానాల పేరు వినగానే చాలామంది బిగుసుకుపోతారు. నిజానికి లాగ్ అనేది ఒక ప్రశ్న: ‘10ని ఏ ఘాతానికి పెంచితే ఇది వస్తుంది?’ లాగ్ 1000 = 3, ఎందుకంటే 10³ = 1000. లాగ్ 2 = 0.3010, లాగ్ 3 = 0.4771. ఈ రెండూ కంఠతా పట్టండి. ఘాతాంకాలను కూడితే సంఖ్యలు గుణించుకుంటాయి కనుక లాగ్ 2 + లాగ్ 3 = 0.7781 అన్నది లాగ్ 6 అవుతుంది. అది లాగ్ 5 కాదు, లాగ్ 5 విలువ 0.6990. ‘రెండు లాగ్‌ల కూడిక అంటే లోపలి సంఖ్యల గుణకారం’ అన్నది ఈ అంకెలతో ఒక్కసారి చేతితో చేసి చూస్తే మళ్లీ తప్పు చేయరు.

మందు నిలకడ లెక్కల్లో ఇది నేరుగా వస్తుంది. మిగిలిన మందుకు అనుపాతంలో తరిగే వేగం ఉండే ప్రథమ క్రమాంక చర్యలో, ఆ వేగాన్ని చెప్పే రేటు స్థిరాంకం = (2.303/కాలం) × లాగ్ (మొదటి గాఢత / మిగిలిన గాఢత). ఒక ద్రావణంలో మందు 100 మి.గ్రా. నుంచి 4 గంటల్లో 25 మి.గ్రా.కు తగ్గిందనుకోండి. లాగ్ 4 అంటే రెండు లాగ్ 2లు, 0.6020. 2.303ను 4తో భాగించి 0.6020తో గుణిస్తే గంటకు సుమారు 0.3466. అర్ధాయువు (మందు సగానికి తగ్గే కాలం) 0.693/0.3466, అంటే 2 గంటలు. సూత్రం మరిచిపోయినా దీన్ని నోటితో సరిచూడవచ్చు: 100 సగమైతే 50, మళ్లీ సగమైతే 25. నాలుగు గంటల్లో రెండుసార్లు సగమైంది, కనుక ఒక్కో సగానికి రెండు గంటలు. రేటు స్థిరాంకం రుణ సంఖ్యగా వచ్చిందంటే నిష్పత్తిని తలకిందులుగా రాశారని అర్థం, వెనక్కి వెళ్లి అదొక్కటి మార్చండి.

పీహెచ్‌ను (ఆమ్లత్వపు కొలతను) పెద్దగా మారనివ్వని బఫర్ ద్రావణాల్లోనూ ఇంతే. ఎసిటిక్ ఆమ్లం పీకేఏ, అంటే ఆ ఆమ్లం ఎంత బలమైనదో చెప్పే సంఖ్య, 4.76. పీహెచ్ 5.06 కావాలంటే లవణానికీ ఆమ్లానికీ నిష్పత్తి ఎంత ఉండాలి? పీహెచ్ = పీకేఏ + లాగ్ (లవణం/ఆమ్లం). రెండు వైపులా 4.76 తీసేస్తే లాగ్ = 0.30. ఏ సంఖ్య లాగ్ 0.30? మీరు కంఠతా పట్టిన 2. అంటే ఆమ్లానికి రెట్టింపు లవణం ఉండాలి.

ఎలా చదవాలో ఇప్పుడు చెబుతాను. రోజుకు నలభై నిమిషాలు చాలు, కానీ రోజూ కావాలి. ఆదివారం నాలుగు గంటలు కూర్చుని మిగతా వారం వదిలేస్తే ఇది రాదు, చేతి పని కనుక. ముందు ఏడు, ఎనిమిది తరగతుల ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు సంపాదించండి. ఇప్పటి పుస్తకాలు ఎదురెదురు పేజీల్లో తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటున్నాయి, మీకు అవి వరం లాంటివి. కాలేజీలో సార్ ఫ్యాక్టర్ అన్నప్పుడు మీ మనసులో కారణాంకం మెదలాలి, కోఎఫిషియంట్ అన్నప్పుడు గుణకం మెదలాలి. తెలుగు మాధ్యమం పిల్లలు లెక్క రాక ఆగిపోయిన సందర్భాలకన్నా ఇంగ్లిష్ మాట అందక ఆగిపోయి, లెక్కే రాదనుకున్న సందర్భాలు నేను ఎక్కువ చూశాను. వాటిలో సామాన్య సమీకరణాలు, బీజీయ సమాసాలు, కారణాంక విభజన పాఠాలు తీసుకోండి. అంకగణితం, జ్యామితి జోలికి ఇప్పుడు వెళ్లవద్దు. మూడు వారాల్లో అవి పూర్తవుతాయి. ఆ మూడు వారాల్లో కూడా తరగతి మానవద్దు, అక్కడ చెప్పేది దించుకుంటూ ఉండండి. చిన్న తరగతి పుస్తకం పట్టుకోవడానికి హాస్టల్‌లో మొహమాటం వేస్తే అట్ట వేసుకోండి, కానీ చదవండి.

‘బోర్డు మీద అర్థమైనట్టే ఉంటుంది’ అన్నారు. ఆ మాట నిజమే. కానీ ఒకరు చేసిన లెక్కను చదవడం వేరు, ఖాళీ కాగితం మీద మొదటి వరుస రాయడం వేరు. అందుకని ఇలా చేయండి. తరగతిలో చేసిన ఒక లెక్క చదివి, పుస్తకం మూసి, పూర్తిగా రాయండి. ఆగిపోతే పుస్తకం తెరిచి ఆ ఒక్క వరుసే చూసి మళ్లీ మూసేయండి. ఎక్కడ ఆగారో ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. మర్నాడు అదే లెక్క మళ్లీ, నాలుగో రోజు మళ్లీ. యూట్యూబ్‌లో మంచి తెలుగు పాఠాలు ఉన్నాయి, చూడవద్దని అనను. వీడియో మొదలైన వెంటనే ఆపి, లెక్క మీరు చేసి, ఆ తర్వాతే మిగతాది చూడండి. పది లెక్కలు చూసినవాళ్లకన్నా రెండు చేసినవాళ్లకు ఎక్కువ వస్తుంది.

ఒక విషయంలో చాలామంది సలహాకు నేను ఒప్పుకోను. ‘పాస్ కావడానికి అవకలన సూత్రాలు కంఠతా పట్టు, మాత్రికలు రెండు నేర్చుకో, బీజగణితం వదిలేయ్’ అని సీనియర్లు చెబుతారు. ఈ సెమిస్టర్ గట్టెక్కవచ్చు. కానీ సూత్రం రాసిన తర్వాతి వరుసలో సూక్ష్మీకరించాల్సింది బీజగణితంతోనే. భౌతిక ఫార్మసీ, విశ్లేషణ, ఫార్మకోకైనటిక్స్ అన్నింటిలోనూ ఆ లోటు మళ్లీ మళ్లీ ముందుకు వస్తుంది. మూడో సంవత్సరంలో ఎనిమిదో తరగతి పుస్తకం పట్టుకోవడం ఇప్పటికన్నా చాలా కష్టం.

చివరగా మీ 10కి 9 సంగతి. 90 శాతం ఆల్కహాల్, 40 శాతం ఆల్కహాల్ కలిపి 60 శాతానిది 500 మి.లీ. చేయమంటే మీరు అడ్డగీతలు గీసి 20 భాగాలు, 30 భాగాలు అని తేల్చి, 200 మి.లీ., 300 మి.లీ. అని రాసి ఉంటారు. (ప్రయోగశాలలో మాత్రం కలిపాక ఘనపరిమాణం కొద్దిగా తగ్గుతుంది, ఆ సంగతి అక్కడ చెబుతారు.) ఇప్పుడు అదే లెక్కను ఇలా రాయండి. 90 శాతానిది య మి.లీ. తీసుకుంటే 40 శాతానిది 500 − య. ఆల్కహాల్ మొత్తం సమానం కావాలి కనుక 90య + 40(500 − య) = 60 × 500. విప్పితే 50య + 20000 = 30000. య = 200. మీ అడ్డగీతల జవాబే వచ్చింది, ఎందుకంటే ఆ అడ్డగీతలు ఈ సమీకరణానికి కుదించిన రూపమే. 10కి 9 తెచ్చుకున్న రోజు మీరు చేసింది బీజగణితమే, దానికి ఆ పేరు లేకపోవడంతో చేయి వణకలేదు. ఆ ఫార్మాస్యూటిక్స్ జవాబు పత్రం మీ దగ్గరే ఉంటే ఈ రాత్రి బయటకు తీయండి. అందులోని ప్రతి లెక్కనూ య పెట్టి, రెండు వైపులా ఏమి చేశారో పక్కన రాస్తూ మళ్లీ చేయండి. జవాబులు మీకు ముందే తెలుసు కనుక ఏ వరుసలో తప్పు దొర్లినా మీకే తెలిసిపోతుంది. పై అయిదు ప్రశ్నల్లో ఏవి తప్పాయో, ఏ వరుసలో తప్పాయో రాయండి. వాటిని బట్టి మొదటి వారం ఏ పాఠం పట్టుకోవాలో చెబుతాను.